ఊక బూడిద గాజు

నేను ఒక గాజును. చేతికి తొడుక్కునే గాజును. ఆ మాట వినగానే మీకు తీర్థంలో దారానికి గుచ్చి వేలాడదీసిన ఎర్రవీ పచ్చవీ డజన్లకొద్దీ గుర్తుకొస్తాయి. నేను ఆ గుంపులోదాన్ని కాను. నాకు డజను లేదు. తోడబుట్టింది ఒక్కతే ఉండేది, అదీ ఎక్కువ కాలం బతకలేదు. నన్ను చూసి ఏ పెళ్ళికూతురూ మురిసిపోదు. గంజి వార్చిన నీళ్ళ రంగు నాది. చమ్కీ లేదు, చుక్కల్లేవు, అంచున బంగారు పూత లేదు. నాకున్న గొప్పల్లా ఒక్కటే, నేను పగలను. ఆ గొప్ప నన్ను ఏడిపించిన ఏడుపు చెప్పుకోవడానికే ఇలా నోరు విప్పుతున్నాను.

నేను పుట్టింది విశ్వవిద్యాలయంలో. నవ్వకండి. మీరు పట్టాలు పుచ్చుకునే చోటే నేనూ పుట్టాను. సముద్రం పక్క ఊళ్ళో, సరుగుడు చెట్ల మధ్య, పెచ్చులూడే గోడల భవనంలో ఒక ప్రయోగశాల ఉంది. దానికి పెద్ద జోగారావు మాస్టారు. గాజు సంగతి ఎత్తితే చాలు ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఏట్లో ఇసక తవ్వి తెచ్చి, కొండంత బొగ్గు తగలేసి, ఇనుము కూడా మెత్తబడేంత వేడిలో కరిగించి మనిషి గాజు చేస్తాడు. అది చెయ్యి జారితే అర నిమిషంలో చెత్తబుట్టకెళుతుంది. "ఇంత దండగమారి జాతి భూమ్మీద ఇంకోటుందా?" అనేవారు మాస్టారు. ఆయన తిట్టేది గాజునా మనుషులనా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. ఇసక అక్కర్లేని గాజు, తక్కువ నిప్పుతో కరిగే గాజు, చేయి జారినా బతికే గాజు చేయాలన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలను నెత్తికెత్తుకున్న శిష్యురాలు వీరవేణి.

వీరవేణి పుట్టింది వరి పండే ఊళ్ళో. అక్కడ బియ్యం మిల్లులు బాయిలర్లలో ఊక తగలేస్తాయి. మిగిలిన బూడిదను ఊరవతల గుట్టలు పోస్తారు. గాలి వీస్తే అది ఆరేసిన బట్టల మీదా అన్నం కంచాల్లోనూ పడుతుంది. ఊరంతా తిట్టుకునే ఆ బూడిదలో, ఇసకలో ఉండే సరుకే దండిగా ఉందని వీరవేణి పుస్తకాల్లో చదివింది. చదివి ఊరుకోకుండా వాళ్ళ బావకు చెప్పింది.

ఆ బావ పేరు సూరిబాబు. వీరవేణికి మేనత్త కొడుకు, అప్పటికే మొగుడు కూడా. ఇంటరు దాకా చదివి, మిల్లులో బాయిలరు దగ్గర పని చేసేవాడు. పెళ్ళాం పెద్ద చదువు చదువుతోందని మిల్లులో అందరికీ చెప్పేవాడు, ఏం చదువుతోందో మాత్రం అతనికి సరిగ్గా తెలియదు. బూడిద అడగ్గానే మోటారు సైకిలు వెనక గోనె కట్టుకుని తెచ్చేశాడు.

"ఇది కాదు బావా. తెల్లగా కాలింది కావాలి. మెత్తగా ఉండాలి, పలుకులుంటే కరగదు" అంది వీరవేణి.

"మెత్తగానా? ఏం, అరిసెలొండుతావేంటి దీంతో?" అన్నాడు సూరిబాబు. అని, మర్నాడే వాళ్ళమ్మ పాత నేత చీర ఒకటి మిల్లుకు పట్టుకుపోయాడు.

అప్పటికి నేను బూడిదనే కాబట్టి ఇది నాకు బాగా తెలుసు. బాయిలరు గది వెనక రెండు స్తంభాలకు చీర కొసలు కట్టేవాడు. మధ్యలో బూడిద పోసి, ఊయల ఊపినట్టు ఊపేవాడు. పలుకులు చీరలో ఆగిపోయేవి, మెత్తటిది కిందికి రాలేది. ఇంకా మెత్తటిది పైకి లేచేది. ఆ గది వెనక కాసేపు తెల్లటి పొగమంచు నిలబడేది, అందులో సూరిబాబు పాటలు పాడుకుంటూ తిరిగేవాడు. సాయంత్రం కనుబొమలు నెరిసిపోయి ఇంటికొస్తే వాళ్ళమ్మ అప్పయమ్మ పకపకా నవ్వేది. "నాకంటే ముందే ముసిలోడివైపోయావేంట్రా!" అనేది. వీరవేణి ప్రయోగశాలలో తాను పెట్టుకునే మాస్కులాంటిదే అతనికీ తెచ్చి ఇచ్చింది. రెండ్రోజులు పెట్టుకున్నాడు. "దీంతో ఊపిరాడట్లేదే" అని మెడకు వేలాడేసుకున్నాడు. ఊపిరాడటం లేదని తీసేశాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడిపోతుంది.

వీరవేణి గురించి ఒక సంగతి చెప్పాలి. ఆమె నోట అబద్ధం రాదు. అదేదో వ్రతం కాదు, ఆమె తయారయిందే అలా. ఒకసారి ఒక గాజు పలక నొక్కుడు యంత్రం కింద ఎన్నడూ లేనంత బరువు ఓర్చుకుంది. జోగారావు మాస్టారు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేసి, కాజాలకు మనిషిని పంపారు. కాజాలు రాకముందే వీరవేణి యంత్రం ముల్లు సున్నా దగ్గర లేదని కనిపెట్టింది. ఆ లెక్క కొట్టేసింది. "కాజాలు తిన్నాక చెప్పకూడదుటమ్మా?" అన్నారు మాస్టారు దీనంగా. "తింటే అరగవు కదండీ" అంది ఆమె. కాజాలు వచ్చాయి, ఎవరూ సరదాగా తినలేదు.

అలా గాజు కరిగించే మూసలు ఎన్నో పాడయి, ఎన్నో పలకలు పగిలి, చివరికి కుదిరింది. మామూలు గాజు కంటే చాలా తక్కువ వేడికి కరిగింది, కింద పడేస్తే లేచి కూర్చుంది. ఆ కబురు చెబితే సూరిబాబు నమ్మలేదు.

"నిజంగా పగలదా? అయితే ఓ గాజు చేసుకుని తొడుక్కో చూద్దాం. డజను కొనిపెడితే వారం తిరక్కుండా అన్నీ ఆ కొలిమి దగ్గర విరగ్గొట్టుకొత్తావు. కోడలివి బోసి చేతులని మా అమ్మ నా ప్రాణం తీత్తంది" అన్నాడు.

అదుగో, అలా పుట్టాను నేను. సూరిబాబు జల్లించిన బూడిద మూసలో పాకంలా ఉడికింది. బాయిలరు తుప్పు కాస్త కలిసి ఉండబట్టి ఈ గంజి రంగు వచ్చింది. గుండ్రంగా గాడి తీసిన అచ్చులో పోశారు, అతుకు లేకుండా చుట్టూ పాకాను. చల్లారడానికి ఇంకో కొలిమిలో పెట్టి, బాలింతను చూసుకున్నట్టు ఒక్కో మెట్టూ వేడి తగ్గించారు. తర్వాత కరిగిన ఉప్పులో నానబెట్టారు. దాంతో నా ఒళ్ళు బిగిసి గట్టిపడింది. నాతోపాటు ఇంకోటి పుట్టిందన్నాను కదా. దాన్ని యంత్రం కింద పెట్టారు. ఎంతకూ లొంగక, చివరికి ఒక్కసారిగా పొడి అయిపోయింది. ఆ లెక్క చూసి మాస్టారు ఈసారి కాజాలు ధైర్యంగా తెప్పించారు. నా తోబుట్టువు పొడి పక్కనే అందరూ కాజాలు తిన్నారు. మనుషుల సంబరాల్లో ఇలాంటివి మామూలే.

రోజూ వెళ్ళొచ్చే బస్సులోనే వీరవేణి నన్ను ఊళ్ళో ఇంటికి తీసుకెళ్ళింది. సూరిబాబు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్ళమ్మ చూస్తుండగా గచ్చు మీదికి విసిరాడు. అప్పయమ్మ కెవ్వుమంది. నేను ఖంగుమని మోగి, దొర్లుకుంటూ వెళ్ళి పీట కింద ఆగాను. అతను నన్ను ఏరి, సబ్బు రాసి, భార్య ఎడమ చేతికి తానే ఎక్కించాడు. కాస్త బిగుతుగా పట్టాను. గోటితో నన్నొకసారి మీటాడు. ఖంగుమన్నాను. "పలికిందే" అన్నాడు.

అప్పట్నుంచి అదొక అలవాటయింది. సాయంత్రం మిల్లు నుంచి రాగానే ఆమె ఏ పనిలో ఉన్నా వెనగ్గా వచ్చి నన్ను మీటేవాడు. ఆమె వెనక్కి తిరగకుండానే "వచ్చావా?" అనేది. నా బతుకులో నేను చేసిన ఉద్యోగం అదొక్కటే. ఆనందంగా చేశాను.

అప్పయమ్మ సంతోషం వేరే రకం. ఆమెకు చిన్న వయసులోనే భర్త పోయాడు, ఆమె చేతులు అప్పట్నుంచీ బోసివే. అందుకే కోడలి చేతి గాజులంటే ఆమెకు అంత పట్టింపు. గాజులమ్మే ఆమె వాకిట్లోకొస్తే, "మా కోడలికి నీ గాజులక్కర్లేదే. మావాడు బూడిద తెచ్చాడు, అది గాజు చేసుకుంది. సుత్తెట్టి కొట్టినా పగల్దు" అని గంటసేపు చెప్పి, ఏమీ కొనకుండా పంపేసేది. ఊళ్ళో నా పరువు అలా పెరిగింది. పెరిగి పెరిగి ఎక్కడి దాకా వెళ్ళిందంటే, పగలని గాజు తొడుక్కున్న ఆడదాని మొగుడు నిండు నూరేళ్ళూ ఉంటాడని అప్పయమ్మ గట్టిగా నమ్మేసింది. కోడలి చెయ్యి అందితే చాలు, నన్ను కళ్ళకద్దుకునేది.

సూరిబాబుకు దగ్గు మొదలయింది.

మొదట జలుబన్నారు. తర్వాత టీబీ అన్నారు. గుప్పెడేసి మాత్రలు మింగాడు, దగ్గు తగ్గలేదు. గోనె ఎత్తితే ఆయాసం, మెట్టెక్కితే ఆయాసం, చివరికి మాట్లాడితే ఆయాసం. పెద్ద ఆసుపత్రిలో డాక్టరు ఎక్సురే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. సూరిబాబు తన పని చెప్పాడు. బూడిద ఎలా జల్లించేవాడో చేతులతో ఊపి మరీ చూపించాడు. వీరవేణి ఆ ఫిల్ము మీద చల్లినట్టున్న తెల్లటి చుక్కలకేసి చూస్తోంది. నా కింద ఆమె నాడి పరిగెత్తడం నాకు తెలిసింది. ఆ చుక్కలేమిటో డాక్టరు చెప్పేలోపే ఆమెకు అర్థమయింది. ఆమె మెత్తగా కావాలంది. అతను మెత్తగా జల్లించాడు. నన్ను గాజును చేసిన సరుకే అతని ఊపిరితిత్తుల్లో పేరుకుని, వాటిని గట్టిపరిచింది. అతని గుండెలో ఉన్నదీ నేనూ ఒకే గోనెలో వాళ్ళం.

ఇంట్లో అప్పయమ్మ మాత్రం ధైర్యంగా ఉంది. "ఆ డాక్టర్లకేం తెలుసు? గాజు చెక్కుచెదర్లేదు కదా. మావాడికేం కాదు" అనేది.

"అత్తా, గాజుకీ ఊపిరికీ ఏం సంబంధం లేదు" అంది వీరవేణి.

"నీ నోటెంట మంచి మాట రాదేంటే!" అని ముసలావిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది.

ఒక మధ్యాహ్నం సూరిబాబు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరందదు అతనికి. వీరవేణి జావ తాగిస్తోంది. అతను గ్లాసు పక్కన పెట్టించి, ఆమె చెయ్యి తీసుకుని, నన్ను ఊరికే అలా గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నాడు.

"వేణీ, తగ్గుద్దంటావా?" అన్నాడు.

నేను లోపల్లోపల ఎంత మొత్తుకున్నానో మీకు తెలియదు. చెప్పు తల్లీ, తగ్గుతుందని చెప్పు, ఎవరికి నష్టం అన్నాను. గాజు మాట ఎవరికి వినిపిస్తుంది?

"తగ్గదు బావా. ఇంకా పెరక్కుండా చూసుకోవాలి, అంతే" అంది ఆమె.

అతను నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గు తెరిపిచ్చాక, "ఒక్కసారి అబద్ధమాడితే నీ సొమ్మేం పోద్దే" అన్నాడు. కోపంగా అనలేదు. కాజాల సంగతి గుర్తొచ్చిన వాడిలా ముద్దుగానే అన్నాడు. తర్వాత నన్ను గోటితో మీటాడు. వేలికి బలం లేదు, నేను సరిగ్గా పలకలేకపోయాను.

రెండో పంట దాళ్వా కోతలు మొదలవకముందే అతను పోయాడు.

పదో రోజున జరిగింది చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. కాలవ గట్టున వీరవేణిని కూర్చోబెట్టారు. ముఖానికి పసుపు రాశారు, రూపాయి కాసంత బొట్టు పెట్టారు, తలలో పూలు పెట్టారు. రెండు చేతుల నిండా ఎర్ర గాజులు తొడిగారు. తీసేయడానికే ఇన్ని పెడతారు మనుషులు. "చదువుకున్నదానివి, ఇదంతా వద్దనకూడదా?" అని ఆమె స్నేహితురాలు చెవిలో అంది. వద్దనే ఓపిక ఆమెకు లేదు. పైగా ఎదురుగా రాయి పట్టుకుని కూర్చున్నది అప్పయమ్మ. భర్త పోయిన ఆడవాళ్ళే చేయాలి కనక ఆ పని ఆమె వంతుకొచ్చింది.

ఎర్ర గాజులు ఒక్క దెబ్బకే టపటపా రాలిపోయాయి. ముక్కలు పసుపు నీళ్ళలో పడ్డాయి. నేను మిగిలాను.

అప్పయమ్మ కొట్టింది. ఖంగుమన్నాను. మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఖంగుమన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఒకామె రాయి మార్చి ఇచ్చింది. అప్పయమ్మ పళ్ళు బిగించి కొట్టింది. ఆ దెబ్బలన్నీ నాలోంచి వీరవేణి మణికట్టు ఎముకలోకి దిగుతున్నాయి.

"పగలవేం? పగలవేం?" అంటోంది అప్పయమ్మ నన్ను చూసి. "నువ్వు పగల్లేదని కదే నేను ధైర్నంగా కూచుంది. నా కొడుకును మింగేసి నువ్వు మాత్రం ఇలా నిగనిగలాడతా ఉంటావా? పగులే! పగులూ!"

యంత్రం కింద నా తోబుట్టువు పొడి అయిపోతున్నప్పుడు నేను జాలిపడ్డాను. ఆ రోజు కాలవ గట్టున దాన్ని చూసి ఈర్ష్యపడ్డాను. పగిలిపోవాలని అంతగా ఏ గాజూ కోరుకుని ఉండదు. నన్ను పగలకుండా చేయడానికి మాస్టారి జుట్టు నెరిసింది, వీరవేణి వయసు కరిగింది, సూరిబాబు ఊపిరి పోయింది. వాళ్ళెవరూ ఒక్క సంగతి ఆలోచించలేదు. దుఃఖం వచ్చినప్పుడు మనిషికి పగలగొట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

మణికట్టు చిట్లి నెత్తురు కారింది. నా మీదుగా పసుపు నీళ్ళలోకి జారింది. అది చూసి అప్పయమ్మ రాయి కాలవలోకి విసిరేసి, ఆ చెయ్యి తన ముఖానికి ఆనించుకుని బావురుమంది. సబ్బు తెమ్మని ఎవరికో చెప్పింది. సూరిబాబు నన్ను ఎక్కించినట్టే, సబ్బు రాసి, ఆమె నన్ను దించింది.

తర్వాత చాలాకాలం నేను ప్రయోగశాలలో ఒక సొరుగులో ఉన్నాను. ఒకనాడు మాస్టారు నన్ను తీసి, గుమ్మం పక్కనున్న అద్దాల బీరువాలో పెట్టారు. 'ఊక బూడిద గాజు. ఇసక వాడలేదు. తక్కువ వేడిలో కరిగింది. పగలలేదు' అని ముందు చీటీ అంటించారు. నన్ను కాపాడటానికి పెట్టిన ఆ బీరువా తలుపు మామూలు గాజుది. పగిలితే దానికి టేపు అంటించారు. వీరవేణి అదే శాఖలో పాఠాలు చెప్పే మేడమైంది. రోజూ నా ముందునుంచే నడిచి వెళ్ళేది, నావైపు తిరిగేది కాదు. బోసి చేతులు ఊపుకుంటూ వెళ్ళేది.

ఆమె పని మాత్రం ఆపలేదు. బూడిద పొడిగా ఉండగా ఎవరూ జల్లించకూడదని కొత్త పద్ధతి పెట్టింది. బాయిలరు దగ్గరే నీళ్ళతో తడిపి, పేడ ముద్దల్లా చేసి తేవాలి. మెత్తగా చేయడమంతా ప్రయోగశాలలో, నీళ్ళలోనే. మిల్లు మిల్లుకూ స్వయంగా వెళ్ళి, బాయిలరు దగ్గర పనివాళ్ళకు ఆ ఎక్సురే ఫిల్ము చూపించి చెప్పేది. అది ఎవరి ఫిల్మో చెప్పేది కాదు.

ఆ గాజును ఎండతో కరెంటు తీసే పలకల మీద కప్పడానికి ఒక కర్మాగారం వాళ్ళు తీసుకుంటామన్నారు. విశ్వవిద్యాలయంలో చిన్న సభ పెట్టారు. ఆ సభకు అప్పయమ్మ వచ్చింది. అంతా అయిపోయాక వీరవేణి ఆమెను చెయ్యి పట్టుకుని ప్రయోగశాల చూపించడానికి తీసుకొచ్చింది. వెనకే మాస్టారు. ముసలావిడ బీరువా ముందు ఆగిపోయింది. నన్ను గుర్తుపట్టింది.

మాస్టారు తాళం తీసి నన్ను ఆమె చేతిలో పెట్టారు. ఎంత తేలికయిపోయింది ఆ చెయ్యి! నన్ను అటూ ఇటూ తిప్పి, మసకేసిన కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"అమ్మా వేణీ, ఇందులో బూడిద మావోడు జల్లించిందేనా?"

"అదే అత్తా."

"మరి వాడి చెమటో, చేతి తడో... ఏదో ఒకటి, కాసింతైనా ఇందులో ఉండుద్ది కదా?"

కొలిమి వేడికి చెమటా నిలవదు, చేతి తడీ నిలవదు. ఆ వేడిలో ఏ మనిషి ఆనవాలూ మిగలదు. ఈ సంగతి వీరవేణి ఏటేటా పిల్లలకు పాఠం చెబుతుంది. మాస్టారికి తెలుసు. నాకు అందరికంటే బాగా తెలుసు. ఆమె నోరు తెరిచింది. ఏం చెబుతుందో నాకు తెలుసు కాబట్టి నేను ముసలావిడ వేళ్ళను గట్టిగా పట్టుకోవాలనుకున్నాను.

"ఉంది అత్తా" అంది వీరవేణి. "అసలు గాజుకి రంగు ఉండకూడదు. చూడు, దీనికి గంజి రంగుంది కదా, అది బావదే."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది బాయిలరు తుప్పు రంగని ఆయనే ఒకప్పుడు ఆమెకు చెప్పారు.

"నాకు తెలుసు" అంది అప్పయమ్మ. నన్ను కొంగున వేసి ముడి కట్టుకుంది. వీరవేణి ఆమెకు అడ్డు చెప్పలేదు. బీరువాలో చీటీ మాత్రం ఇప్పటికీ ఉందట.

అప్పట్నుంచి నా కాపురం ఈ నేత చీర కొంగులో. ఇక్కడ బూడిద వాసన లేదు, తమలపాకు వాసన ఉంది. సాయంత్రం మిల్లు కూత వినబడగానే అప్పయమ్మ ముడి విప్పి, నన్ను అరచేతిలో పెట్టుకుని, వణికే గోటితో మీటుతుంది. నాలో సూరిబాబు లేడు. ఉన్నట్టయితే ఎంత బావుండేదో. ఉన్న బలమంతా కూడదీసుకుని ఖంగుమంటాను.

"విన్నావా? పలికాడు" అంటుంది అప్పయమ్మ.

వంటింట్లో వీరవేణి చేస్తున్న పని ఆపుతుంది.

"విన్నాను అత్తా, వచ్చాడు" అంటుంది.